ఫిజీ దీవుల మధ్య తెరచాప పడవలో ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా స్నేహితులకు 38 అడుగుల తెరచాప పడవ ఒకటి ఉంది. దాని మీద మూడు సీజన్లు ఫిజీ పడమటి దీవుల్లో తిరిగాను. సెలవులు అయిపోయి ఇంటికి వచ్చిన ప్రతిసారీ భీమిలిలో మా వాళ్ళూ, ఆఫీసులో తెలుగువాళ్ళూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే అన్నిటికీ ఒకచోట జవాబులు రాస్తున్నాను. ఊరికే గాల్లో చెప్పకుండా ఒకే ఒక్క రోజును ఉదాహరణగా పట్టుకుంటాను. నవద్ర అనే మనుషుల్లేని చిన్న దీవి దగ్గర పొద్దున లంగరు ఎత్తి, ఉత్తరాన ఉన్న వాయ దీవిలో నలౌవాకి అనే ఊరి ముందు మధ్యాహ్నానికి లంగరు వేసిన రోజు అది. దూరం పదిహేను నాటికల్ మైళ్ళ (సుమారు 28 కిలోమీటర్ల) లోపే.

ఇంతకీ ఈ దీవులు ఎక్కడున్నాయి?

ఫిజీలో 330కి పైగా దీవులున్నాయి. వాటిలో జనం ఉండేవి 110 దాకా. అన్నిటికన్నా పెద్దది వితి లెవు. విమానం దిగే నాడి ఊరు దాని పడమటి తీరంలో ఉంటుంది. అక్కడి నుంచి పడమరకి చూస్తే కనిపించేవి మమనుద దీవులు. వాటి ఉత్తరం కొస నుంచి దండలో పూసల్లా పైకి సాగేవి యసవ దీవులు. నవద్ర మమనుదలో చివరిది, వాయ యసవల్లో మొదట తగిలే వాటిలో ఒకటి.

మనవాళ్ళకి సులువుగా గుర్తుండే సంగతి ఒకటి చెప్తాను. విశాఖపట్నం భూమధ్యరేఖకి ఉత్తరాన 17.7 డిగ్రీల దగ్గర ఉంది. నాడి దక్షిణాన దాదాపు అంతే దూరంలో ఉంది. అంటే వైజాగ్‌ని అద్దంలో చూసినట్టు. కొబ్బరిచెట్లు, ఉక్కపోత, చెరకు తోటలు, పొద్దు గూకగానే చటుక్కున కమ్ముకునే చీకటి, అన్నీ తెలిసినవే. సూర్యుడొక్కడే అటుదిటు. ఆ మాట ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను, ఎందుకంటే పడవ నడపడం అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ పేర్లు ఎలా పలకాలి?

ఫిజీ అక్షరాలు ఇంగ్లీషువే, పలకడం మాత్రం వేరు. వాళ్ళ 'డి' ముందు ఒక 'న' ఉంటుంది, 'బి' ముందు ఒక 'మ' ఉంటుంది. 'సి' అని రాస్తే మన 'ద'కి దగ్గరగా పలుకుతారు. 'క్యూ' అంటే 'ంగ'. కాబట్టి బోర్డు మీద 'నాడి' అని కనిపించే ఊరు నిజానికి నాంది. మొదటిసారి విన్నప్పుడు, ప్రయాణం మొదలయ్యే ఊరికి ఇంతకన్నా మంచి పేరు ఉండదనిపించింది. సెలవు తీసుకునేటప్పుడు చెప్పే మాటని 'మోచే' అనకండి, 'మోదె' అనండి. ఎదుటివాళ్ళ ముఖం విప్పారుతుంది.

ఏ నెలల్లో వెళ్ళాలి?

మే నుంచి అక్టోబరు దాకా. అక్కడ అది చలికాలం, అంటే మన డిసెంబరు లాంటి హాయి. ఆగ్నేయం నుంచి వాణిజ్య పవనాలు రోజుల తరబడి ఒకే తీరుగా, 15 నుంచి 20 నాట్ల (గంటకి 28 నుంచి 37 కిలోమీటర్ల) వేగంతో వీస్తాయి. అప్పుడప్పుడు దక్షిణాన అధిక పీడనం బలంగా ఉంటే 25, 30 దాకా పోతాయి. ఆ రోజుల్లో కదలకుండా కూర్చోవడమే పని. నవిటి, ద్రవంగ దీవుల మధ్య ఉన్న సన్నని పాయలోకి మాంటా రే అనే పెద్ద వెడల్పాటి చేపలు వచ్చేది కూడా ఈ నెలల్లోనే.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. 2016 ఫిబ్రవరి 20న వచ్చిన విన్‌స్టన్ తుఫానులో 44 మంది చనిపోయారు. హుద్‌హుద్ చూసిన వైజాగ్ వాళ్ళకి దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దక్షిణ పసిఫిక్ తుఫాన్ల మీద హెచ్చరికలు ఇచ్చే కేంద్రం నాడిలోనే ఉంది. మేము రోజూ పొద్దున మొదట వినేది ఆ ఫిజీ వాతావరణ శాఖ సూచనే.

పొద్దున్నే నాలుగింటికి లేచి బయల్దేరాలా?

అక్కర్లేదు, బయల్దేరకూడదు కూడా. మా నాన్నగారు ఫోన్లో అడిగారు, "చేపల వేటకి వెళ్ళే మనవాళ్ళు తెల్లారకముందే వెళ్తారు కదా, మీరేంటి తొమ్మిదింటిదాకా టీ తాగుతూ కూర్చుంటారు?" అని. మన తీరంలో ఇసుక, బురద. ఇక్కడ నీళ్ళ కింద పగడపు దిబ్బలు. ఎండ వాలుగా పడినంతసేపూ నీళ్ళు అద్దంలా మెరుస్తాయి, కింద ఏముందో కనిపించదు. పొద్దెక్కితేనే నీళ్ళు తెరుచుకుంటాయి. అందుకని దిబ్బల మధ్య కదిలే పని సుమారు తొమ్మిది, పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు అయిపోవాలి.

జూన్, జులైలో అక్కడ ఆరున్నర దాటాక తెల్లవారుతుంది, సాయంత్రం ఆరు కాకుండానే పొద్దు గూకుతుంది. ఉన్న పదకొండు గంటల పగట్లో పనికొచ్చేవి ఐదారు గంటలే. కాబట్టి ప్రయాణాన్ని వెనక నుంచి లెక్కేస్తాం. ఒంటిగంటకల్లా చేరాలి. పదిహేను మైళ్ళకి మూడు గంటలు. ఏదైనా తేడా వస్తే చేతిలో ఇంకో రెండు గంటలు ఉండాలి. అలా లెక్కేస్తే నవద్రలో తొమ్మిదిన్నరకి లంగరు ఎత్తాలి. ఆలోపు టీ, ఉప్మా, ఇంజిన్ ఆయిల్ చూడటం, లోపల కిందపడే వస్తువులన్నీ సర్దడం.

నీళ్ళ రంగు చూసి లోతు తెలుస్తుందా?

తెలుస్తుంది. నాకు ఈ ప్రయాణాల్లో అన్నిటికన్నా నచ్చిన విద్య ఇదే. ముదురు నీలం అంటే మంచి లోతు. నీలం పలచబడి నెమలికంఠం రంగుకి వస్తే లోతు తగ్గుతోందన్నమాట. లేత ఆకుపచ్చ అంటే కింద ఇసుక, రెండు మూడు మీటర్లు, ఇక జాగ్రత్త. గోధుమ రంగు, పసుపు మచ్చలు కనిపిస్తే పగడం పైకి వచ్చేసిందని, అటు వెళ్ళకూడదని అర్థం. మబ్బు నీడ కూడా అచ్చం దిబ్బలాగే ఉంటుంది. ఒక నిమిషం చూస్తే నీడ కదులుతుంది, దిబ్బ కదలదు.

ఒక మనిషి పడవ ముందు కొసన నిలబడాలి, వీలైతే తెరచాప స్తంభం మీద కొంచెం ఎత్తులో. కళ్ళకి పోలరాయిడ్ అద్దాలు తప్పనిసరి. అవి పెట్టుకుని తల కొంచెం పక్కకి వంచితే నీటి పైన మెరుపు ఒక్కసారిగా మాయమై అడుగు కనిపిస్తుంది. గాలికి మాట వినపడదు కాబట్టి చేతి సైగలే. మా పడవలో చెయ్యి చాపిన వైపు తిప్పాలి, పిడికిలి పైకెత్తితే ఆపాలి.

ఇప్పుడు సూర్యుడి సంగతి. నీళ్ళలోకి చూడాలంటే ఎండ మన వీపు మీద పడాలి. మనకి అలవాటైన లెక్క ఏమిటి? చలికాలంలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. అక్కడ ఉత్తరం వైపు ఉంటాడు. జూన్ 21న నాడిలో మిట్టమధ్యాహ్నం చూస్తే ఉత్తర దిక్కున, 49 డిగ్రీల ఎత్తులో కనిపిస్తాడు. అంటే మధ్యాహ్నం ఉత్తరానికి వెళ్తుంటే ఎండ కళ్ళలో కొడుతుంది, దక్షిణానికి వస్తుంటే వీపు మీద ఉంటుంది. నలౌవాకి ఊరి ముందున్న అఖాతం ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది. మేము వాయ దీవిని పడమటి పక్క నుంచి చుట్టి, ఉత్తరాన మళ్ళి, దక్షిణానికి తిరిగి లోపలికి వెళ్ళాం. ఒంటిగంట ప్రాంతం. ఎండ సరిగ్గా వెనక. అడుగున ఒక్కో పగడపు గుండూ వేరువేరుగా, పళ్ళెంలో పెట్టినట్టు కనిపించింది.

ఇంకో రోజు ఇదే మాట మరిచిపోయాం. ఒకచోట ఈత కొడుతూ ఆలస్యం చేసి, సాయంత్రం నాలుగున్నరకి పడమరకి ముఖం పెట్టి ఒక దీవి దగ్గరికి వెళ్ళాం. ముందున్నదంతా కరిగిన వెండి. ముందు కొసన నిలబడింది నేనే. నాకు ఏమీ కనిపించడం లేదని అరిచేలోపు అడుగున గరగరమని చప్పుడైంది. పడవ నడక వేగంతో ఉండబట్టి, అప్పుడే పోటు మొదలైంది కాబట్టి కాసేపటికి వెనక్కి జరిగి బయటపడ్డాం. పడవకి ఒక గీత పడింది. ఆ పగడం ఎన్నేళ్ళు పెరిగిందో, దాన్ని మేము ఒక్క క్షణంలో విరగ్గొట్టాం. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకు?

జీపీఎస్ మీరు ఎక్కడున్నారో కొద్ది మీటర్ల తేడాతో చెప్తుంది. మ్యాపులో దిబ్బ ఎక్కడుందని గీశారో అది నిజంగా అక్కడే ఉందని చెప్పదు. ఈ నీళ్ళని మొదట శ్రద్ధగా కొలిచిన వాళ్ళలో 1840లో వచ్చిన అమెరికా నౌకాదళం వాళ్ళు ఉన్నారు. తెరచాప ఓడల్లో, తాడుకి సీసపు గుండు కట్టి లోతు చూసిన కాలం అది. మారుమూల చోట్ల మ్యాపులు ఇప్పటికీ పాత కొలతల మీద ఆధారపడినవే. అందుకని చాలామంది ఉపగ్రహ చిత్రాలని మ్యాపు పక్కన పెట్టుకుని చూస్తారు. మేమూ అదే చేస్తాం. దారి రాత్రే గీసుకుంటాం. కానీ ఆఖరి మాట ముందు కొసన నిలబడ్డ మనిషిదే.

నిజంగా తెరచాపతోనే వెళ్తారా, ఇంజిన్ వాడతారా?

రెండూ. లంగరు ఎత్తేటప్పుడు, వేసేటప్పుడు, దిబ్బల మధ్య దూరేటప్పుడు ఇంజిన్. బయట నీళ్ళలోకి రాగానే తెరచాప. ఆ రోజు మా దారి ఉత్తరానికి, గాలి ఆగ్నేయం నుంచి, అంటే కుడి వెనక మూల నుంచి. ఇంతకన్నా హాయైన వాటం ఉండదు. పెద్ద తెరచాపని బయటికి వదిలి, ముందు తెరచాప విప్పి ఇంజిన్ ఆపేశాం. ఇంజిన్ ఆగిన ఆ క్షణం గురించి ఎంత చెప్పినా తక్కువే. చెవుల్లోంచి ఏదో బరువు దించినట్టుంటుంది. తర్వాత పడవ పక్కన నీళ్ళు రాసుకునే చప్పుడు, తాడు బిగుసుకునే చప్పుడు, అంతే.

వేగం ఐదారు నాట్లు. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు, కాబట్టి సైకిల్ తొక్కే వేగం అనుకోండి. ఆ వేగంతో వెళ్తుంటే వాయ కొండలు మొదట మబ్బులా, తర్వాత నల్లరాతి కొమ్ముల్లా, చివరికి పచ్చగడ్డితో మేకలు మేసే వాలుల్లా మారడం మొత్తం చూడొచ్చు.

కాటమరాన్ మంచిదా, ఒంటి పడవ మంచిదా?

పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే కాటమరాన్, అంటే రెండు పడవల్ని పక్కపక్కన కలిపినట్టుండేది. ఒరగదు, గదులు పెద్దవి, లోతు తక్కువ నీళ్ళలోకీ వెళ్తుంది. గాలికి ఒరిగి పరుగెత్తే ఆనందం కావాలంటే ఒంటి పడవ. నాకు రెండోదే ఇష్టం. కాటమరాన్ అన్న మాట మన పక్క తీరానిదే, దుంగలు కట్టిన తమిళుల కట్టుమరం. మన జాలరులు తెప్ప అంటారు. రెండు పడవల్ని జతచేసి కట్టే నేర్పు మాత్రం ఈ పసిఫిక్ వాళ్ళ సొంతం. ద్రువ అనే ఫిజీ జంట పడవలు ఒకప్పుడు ఈ సముద్రంలో అన్నిటికన్నా వేగంగా వెళ్ళేవాటిలో ఉండేవి.

కడుపులో తిప్పదా?

తిప్పుతుంది, కొందరికి. మమనుదల లోపలి నీళ్ళలో దిబ్బలు కెరటాన్ని ఆపేస్తాయి కాబట్టి తక్కువ. నవద్ర దాటి బయటికొస్తే పక్క నుంచి పెద్ద కెరటం తగులుతుంది. మాత్ర వేసుకునేవాళ్ళు ముందు రోజే డాక్టర్ని అడిగి, బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. ఖాళీ కడుపుతో వద్దు, రెండు ఇడ్లీలకి సరిపడా ఏదో ఒకటి తినండి. అల్లం ముక్క బుగ్గన పెట్టుకోండి. లోపలికి వెళ్ళి ఫోన్ చూడకండి. దిగంతం వైపు చూస్తూ చుక్కాని పట్టుకుంటే సగం తగ్గిపోతుంది. మా అక్కకి అలాగే తగ్గింది.

లంగరు వేస్తే పని అయిపోయినట్టేనా?

అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ రోజు నలౌవాకిలో చేసింది చేసినట్టు చెప్తాను.

ముందు అఖాతంలో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాం, ఇసుక ఎక్కడుంది, పగడం ఎక్కడుంది అని. పగడం మీద లంగరు వేయడం తప్పు. దాన్ని చంపుతుంది, పైగా గొలుసు ఇరుక్కుంటుంది. లోతు 12 మీటర్లు. పడవ ముందు కొస నీటికి మీటరున్నర ఎత్తు. మొత్తం 13.5 మీటర్లు. దానికి ఐదు రెట్లు గొలుసు వదలాలి, అంటే 67 మీటర్లకి పైనే. మా గొలుసుకి ప్రతి పది మీటర్లకీ రంగు దారం కట్టి ఉంటుంది. ఏడో దారం నీళ్ళలోకి జారేదాకా వదిలాం. అప్పుడు ఇంజిన్‌ని వెనక్కి పెట్టి మెల్లగా లాగాం. గొలుసు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. లంగరు జారుతుంటే గులకరాళ్ళ మీద బండి వెళ్తున్నట్టు దడదడలాడుతుంది. పట్టుకుంటే గొలుసు బిగిసి, వణుకు ఆగిపోతుంది. ఆగింది. ఒడ్డున ఒక కొబ్బరిచెట్టుని, దాని వెనక ఒక రాయిని గీతగా చూసుకున్నాం. పావుగంట తర్వాత కూడా అవి అదే గీతలో ఉంటే పడవ జరగనట్టు.

చివరిగా కళ్ళనీ ముక్కునీ కప్పే ఈత మాస్క్ పెట్టుకుని నీళ్ళలోకి దిగి చూడాలి. లంగరు ఇసుకలో మొత్తం దిగిపోయి, పైన కడ్డీ మాత్రమే కనిపించింది. అది చూశాకే అన్నం తిన్నాం.

ఇసుక తక్కువ, పగడపు గుండ్లు ఎక్కువ ఉన్న చోట గొలుసుకి మధ్యమధ్య బోయలు (నీళ్ళలో తేలే బుంగలు) కట్టి నీళ్ళలో తేలేలా చేస్తారు. అప్పుడు గాలి మారి పడవ తిరిగినా గొలుసు గుండుకి చుట్టుకోదు.

ఊళ్ళోకి నేరుగా వెళ్ళిపోవచ్చా?

వెళ్ళకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

ఫిజీలో భూమిలో 80 శాతానికి పైగా స్థానిక ఫిజియన్ వంశాలదే. తీరం, దాని ముందున్న దిబ్బలు, చేపలు పట్టే నీళ్ళు కూడా ఏదో ఒక ఊరి వాడుక కిందే ఉంటాయి. మీరు లంగరు వేసింది ఖాళీ సముద్రంలో కాదు, ఒకరి పెరట్లో. అందుకని ఈత కొట్టకముందు, చేపలు పట్టకముందు, ఒడ్డున తిరగకముందు ఊరి పెద్ద దగ్గరికి వెళ్ళి సెవుసెవు ఇవ్వాలి. అంటే ఎండిన కావా వేళ్ళ కట్ట, ఆ వేళ్ళ పొడిని నీళ్ళలో కలిపి తాగుతారు. ఫిజీ భాషలో యంగోన. నాడిలో, దాని దగ్గరి లౌతోక ఊళ్ళో మార్కెట్లలో అమ్ముతారు. అరకిలో కట్టని న్యూస్ పేపర్లో చుట్టి రిబ్బన్ కట్టి ఇస్తారు. ఎన్ని ఊళ్ళకి వెళ్తారో అన్ని కట్టలు ముందే కొనుక్కోండి, దీవుల్లో దొరక్కపోవచ్చు.

ఒడ్డున దిగేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. ఆడా మగా ఇద్దరూ నడుముకి సులు చుట్టుకుంటారు, అచ్చం మన లుంగీయే. టోపీ, నల్లద్దాలు ఊళ్ళో తీసేయాలి. సంచి భుజానికి తగిలించుకోకుండా చేత్తో పట్టుకోవాలి. పిల్లలు ముద్దొస్తారు, కానీ తల నిమరకండి, ఎవరి తలా తాకకూడదు. గట్టు మీద కనిపించిన మొదటి మనిషిని "తురంగ ని కొరో ఎక్కడ?" అని అడిగితే ఊరి పనులు చూసే ఆయన దగ్గరికి తీసుకెళ్తారు.

మమ్మల్ని చాప పరిచిన ఇంట్లోకి తీసుకెళ్ళారు. చెప్పులు బయట విడిచి, బాసింపట్టు వేసి కూర్చున్నాం. కట్టని పెద్దాయన చేతికివ్వకుండా ఆయన ముందు చాప మీద పెట్టాం. ఆయన దాన్ని తాకి, కళ్ళు దించుకుని, లోగొంతుతో చాలాసేపు ఏదో చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్ళు మధ్యమధ్యలో అరచేతులు డొప్పలా చేసి చప్పట్లు కొట్టారు. అయిపోయాక ఆయన నవ్వి, "ఇప్పుడిది మీ ఊరు, ఎక్కడికైనా వెళ్ళండి" అన్నారు. ఆ క్షణం నుంచి మాకేమైనా అయితే చూసుకునే బాధ్యత ఆ ఊరిది. మర్నాడు మా డింగీ (ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవ) ఇంజిన్ మొరాయిస్తే అడక్కుండానే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి బాగుచేశారు.

తాంబూలం ఇచ్చి పిలుచుకునే ఇళ్ళలో పెరిగిన మనకి ఇది కొత్తగా అనిపించదు. కావా మొక్క మన తమలపాకు, మిరియాల తీగల కుటుంబానిదే కూడా.

కావా తాగితే మత్తెక్కుతుందా?

సారా లాంటి మత్తు కాదు. నాలుక, పెదాలు కాసేపు తిమ్మిరెక్కుతాయి, ఒళ్ళు నెమ్మదిస్తుంది. రుచి తడిమట్టి కలిపిన నీళ్ళలా ఉంటుంది. కొబ్బరిచిప్పలో ఇస్తారు. తీసుకునే ముందు ఒక చప్పట, "బుల" అని ఒక్క గుక్కలో తాగేసి, చిప్ప ఇచ్చేసి మూడు చప్పట్లు. వద్దనుకుంటే మర్యాదగా చెప్పొచ్చు, కానీ మొదటి చిప్ప తీసుకుంటే వాళ్ళు సంతోషిస్తారు. తిరిగి డింగీలో పడవకి వెళ్ళాలి కాబట్టి రెండు మూడుతో ఆపండి.

చేపలు పట్టుకుని తినొచ్చా?

ప్రయాణంలో వెనక తాడు వదిలితే బయట నీళ్ళలో పడేవి చాలావరకు మంచివి. ఫిజీ వాళ్ళు వాలు అని ఇష్టంగా తినేది మన వంజరమే. ఆ రోజు పదకొండింటికి ఒకటి పడింది, చెయ్యంత పొడవు. సగం పులుసు, సగం కొకోంద. అంటే పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరిపాలు, ఉల్లి, పచ్చిమిర్చి కలపడం.

దిబ్బల మీది చేపల విషయంలో మాత్రం భయపడాలి. సిగ్వాటెరా అనే విషం పగడాల మీది సూక్ష్మ నాచులో పుట్టి, చిన్న చేపల నుంచి పెద్ద చేపల్లోకి పేరుకుంటుంది. ఉడికించినా, వేయించినా, గడ్డకట్టించినా పోదు, రుచిలో తెలియదు. మూతి చుట్టూ తిమ్మిరి, వాంతులు, చల్లటిది వేడిగా అనిపించడం, కొందరికి వారాలపాటు. బారకుడా, పెద్ద బొంత చేపలు (గ్రూపర్లు), మోరే ఈల్ జోలికి పోవద్దు. పెద్ద వంజరంలో కూడా అరుదుగా ఉంటుంది, అందుకే చిన్నవే ఉంచుకోండి. ఏ దిబ్బ చేప తినొచ్చో ఊరివాళ్ళకి తెలుసు, అడగండి.

శాకాహారులకి తిండి దొరుకుతుందా? తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా?

రెండు ప్రశ్నలకీ జవాబు లౌతోక మార్కెట్లో ఉంది. కరివేపాకు, ములక్కాడలు, వంకాయలు, బెండకాయలు, కొత్తిమీర, కందిపప్పు అన్నీ దొరుకుతాయి. చేమదుంప, కర్రపెండలం, చేమాకు ఊళ్ళలోనూ ఇస్తారు. చేమాకుని కొబ్బరిపాలలో ఉడికించి చేసే కూర మా ఇంట్లో ఇప్పుడు మామూలు వంటైపోయింది.

ఇవన్నీ అక్కడ దొరకడానికి కారణం గిర్మిట్. 1879 నుంచి 1916 దాకా 60 వేలకి పైగా మనుషుల్ని చెరకు తోటల కూలికి మన దేశం నుంచి ఫిజీకి తీసుకెళ్ళారు. అగ్రిమెంట్ అన్న మాటే వాళ్ళ నోట గిర్మిట్ అయింది. 1903 నుంచి మద్రాసు నుంచీ ఓడలు వెళ్ళాయి. వాటిలో తెలుగు జిల్లాల వాళ్ళు కూడా ఉన్నారు. తర్వాతి తరాలకి ఫిజీ హిందీయే ఇంటి భాష అయింది. మార్కెట్లో బెండకాయలు అమ్మే ఒక పెద్దావిడ నా మాట విని, తన తాతగారు విజయనగరం వైపు నుంచి వచ్చారని చెప్పింది. ఆమెకి తెలిసిన తెలుగు "అమ్మ, నాయన, దా, కూచో". ఆ నాలుగూ వరసగా చెప్పి నా చెయ్యి పట్టుకుంది. కొసరుగా వేసిన కరివేపాకుకి డబ్బు తీసుకోలేదు.

స్నానం, బాత్రూమ్ సంగతేంటి?

మా పడవలో మంచినీళ్ళు 400 లీటర్లు, నలుగురికి వారం పైగా రావాలి. గిన్నెలు సముద్రం నీళ్ళతో తోమి చివర్లో మంచినీళ్ళతో ఒక్కసారి కడుగుతాం. స్నానమంటే ముందు సముద్రంలో మునక, తర్వాత ఒళ్ళంతా కలిపి రెండు లీటర్లు. టాయిలెట్ చేతి పంపుతో నడుస్తుంది. కడుపులోంచి వచ్చింది తప్ప అందులో ఇంకేదీ వేయకూడదు.

ఈత రాకపోతే?

రావచ్చు, లైఫ్ జాకెట్ వేసుకుని. పిల్లలు పడవ పైభాగంలో ఉన్నంతసేపూ జాకెట్ ఉండాలి, ఇందులో బతిమాలుకోవడాలు వద్దు. సొరచేపల గురించి అడుగుతారు. దిబ్బల మీద కనిపించే నల్లకొస, తెల్లకొస సొరలు మనిషిని చూసి తప్పుకుంటాయి. నలుపు తెలుపు చారల సముద్రపు పాములు విషమున్నవే గానీ నెమ్మదివి, పట్టుకోకుండా ఉంటే చాలు. ఒడ్డున అందంగా కనిపించే శంకు ఆకారపు గవ్వల్ని చేత్తో తీయకండి, కొన్ని కుడతాయి, ప్రాణం తీసేవీ ఉన్నాయి. నిజంగా ఎక్కువ బాధపెట్టేది ఎండ. పొడుగు చేతుల చొక్కాతోనే నీళ్ళలోకి దిగండి.

సొంత పడవ లేనివాళ్ళు ఎలా వెళ్ళాలి?

నాడి దగ్గర దెనరౌ రేవు నుంచి ఒక్క రోజు తెరచాప ప్రయాణాలు టికెట్ మీద దొరుకుతాయి. వారం కావాలంటే నడిపేవాళ్ళతో సహా పడవ మాట్లాడుకోండి. దిబ్బలు తెలిసిన స్థానికుడు ఉండటం మీకే మంచిది. యసవలకి దెనరౌ నుంచి పెద్ద ఫెర్రీ కూడా ఉంది. అద్దె పడవ తీసుకుంటే లంగరు ఎత్తే మోటార్‌ని మీ ముందే ఒకసారి పూర్తిగా తిప్పించి చూడండి. ఒకసారి మాకిచ్చిన పడవలో అది రెండో రోజే ఆగిపోయింది. 60 మీటర్ల గొలుసుని ఇద్దరం చేతుల్తో లాగాం, అరచేతులు బొబ్బలెక్కాయి.

బయటి దేశం నుంచి పడవలోనే వచ్చేవాళ్ళు సువా, లౌతోక, సవుసవు లాంటి రేవుల్లో ముందు కస్టమ్స్, ఇమిగ్రేషన్ పూర్తిచేసి, దీవుల్లో తిరగడానికి క్రూజింగ్ పర్మిట్ తీసుకోవాలి. విమానంలో వచ్చినా, పడవలో వచ్చినా వెంట తెచ్చిన తిండి పదార్థం ఏదైనా సరే, ఆవకాయ సీసాతో సహా, దేశంలోకి వచ్చేటప్పుడు నింపే కార్డులో రాయండి.

రాత్రి నిద్ర పడుతుందా?

మొదటి రాత్రి పట్టదు. ప్రతి చప్పుడుకీ లంగరు జారిందేమో అని టెన్షన్. పడవ హద్దు దాటితే మోగేలా ఫోన్లో అలారం పెట్టుకుంటాం. స్తంభం కొసన తెల్ల దీపం వెలిగిస్తాం. అయినా నేను రెండింటికి ఒకసారి లేస్తాను.

ఆ రాత్రి నలౌవాకిలో లేచినప్పుడు గాలి పడిపోయి ఉంది. ఒడ్డున ఏదో ఇంట్లో ఒక్క దీపం. మన ఊళ్ళో వేసవి రాత్రుల్లో దక్షిణాన కిందుగా, మబ్బుల్లో దొరికీ దొరకనట్టుండే త్రిశంకు నక్షత్రాలు అక్కడ ఆకాశంలో సగం ఎత్తు దాకా వస్తాయి. ఆ వేళకి అవి పడమటికి ఒరిగి, కొండ అంచు మీద వాలుతున్నాయి. టార్చ్ వేసి కొబ్బరిచెట్టు, రాయి గీత చూశాను. రెండూ పగలు ఉన్న చోటే ఉన్నాయి. వెళ్ళి పడుకున్నాను.